వర్డ్‌లో ఫారం బటన్లు మాయమైతే

వర్డ్ పాత వర్షన్ నుంచి కొత్తదానికి మారాక చెక్‌బాక్స్, డ్రాప్‌డౌన్ పెట్టే బటన్లు ఎక్కడా కనిపించక టెన్షన్ పడుతున్నారా? తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, అవి ఎక్కడికీ పోలేదు. డెవలపర్ అనే ట్యాబ్‌లో ఉన్నాయి, ఆ ట్యాబే మొదట కనిపించదు.

వర్డ్ 2010, ఆ తర్వాతి వర్షన్లలో రిబ్బన్ (పైన బటన్లుండే పట్టీ) మీద ఎక్కడైనా రైట్ క్లిక్ చేసి 'కస్టమైజ్ ద రిబ్బన్' ఎంచుకోండి. కుడివైపు జాబితాలో 'డెవలపర్' పక్కన టిక్ పెట్టి ఓకే నొక్కండి. అర నిమిషం పని. పాత ఫారాల్లో వాడిన గళ్లే కావాలంటే ఆ ట్యాబ్‌లోని కంట్రోల్స్ దగ్గర 'లెగసీ టూల్స్' అని ఉంటుంది. బొమ్మ చిన్నది, మౌస్ ఆనిస్తే పేరు కనిపిస్తుంది. వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవాళ్లకైతే వ్యూ మెనూ, టూల్‌బార్స్, అందులో 'ఫారం కంట్రోల్స్'.

ఒక్క జాగ్రత్త. ఫైలు పాత డాక్ (.doc) ఫార్మాట్‌లోనే ఉంటే ట్యాబ్ వచ్చినా కొత్త రకం కంట్రోల్స్ (చెక్‌బాక్స్, డ్రాప్‌డౌన్ లాంటివి) మసకగానే ఉంటాయి, నొక్కినా పని చేయవు. అప్పుడు 'సేవ్ యాజ్'తో డాక్ఎక్స్ (.docx)గా వేరే కాపీ చేసుకుని అందులో పెట్టండి. అసలు ఫైలును మాత్రం అలాగే ఉంచుకోండి.