బాతుకు ఒంట్లో బాగాలేదని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చేయాలి

పొద్దున్నే గూడు తలుపు తీసి పక్కకు నిలబడండి. ఎవరు ముందొస్తున్నారు, ఎవరు వెనకబడుతున్నారు, అది చూడండి చాలు. బాతులు వరసగా నడుస్తాయని అందరికీ తెలుసు. ఆ వరస రోజూ ఇంచుమించు ఒకటే ఉంటుందని మాత్రం పెంచేవాళ్ళకే తెలుస్తుంది. ముందు నడిచేది ఒకరోజు ఆఖరికి చేరిందంటే ఆ పూట దాని మీద ఒక కన్నేసి ఉంచాల్సిందే. నీరసం బయటపడితే కుక్క పాలో గద్ద పాలో అవుతుంది కాబట్టి బాతు ఓపిక ఉన్నంతసేపూ మామూలుగానే తిరుగుతుంది. ముడుచుకుని మూల కూర్చునేసరికి జబ్బు బాగా ముదిరిపోయి ఉంటుంది.

మాది ఆకివీడు పక్కన పల్లెటూరు, చుట్టూ వరి చేలు, చేపల చెరువులు. పెరట్లో నాటు బాతులు ఉన్నాయి. అందులో చిట్టెమ్మ అనే ఆడబాతు అరిస్తే వీధి చివర దాకా వినబడుతుంది. మగబాతు గొంతు ఎలాగూ బొంగురే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆడబాతు గొంతు బొంగురుపోయినా, అసలు అరవడమే మానేసినా అనుమానించండి.

తర్వాత నీళ్ళ దగ్గర చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బాతు నీళ్ళలోంచి గట్టెక్కగానే తోక విదిలిస్తుంది, తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి ఒళ్ళంతా రాసుకుంటుంది. దాని వీపు మీద నీళ్ళు నిలవవు. నలతగా ఉన్నది ఈ సింగారం మానేస్తుంది. ఈకలు తడిసి ముద్దవుతాయి, చలికి వణుకుతుంది, నీళ్ళలోకి దిగనంటుంది.

రెట్ట కూడా చూడాలి, మొహమాటం వద్దు. రోజులో అప్పుడప్పుడు ముదురు గోధుమ రంగులో, జిగటగా, ముక్కు పగిలే కంపుతో వేస్తే కంగారు పడకండి, అది మామూలే. గడ్డీ ఆకులూ మేయకపోయినా పచ్చగా నీళ్ళలా వేస్తుంటే తిండి మానేసిందేమో చూడండి. నెత్తురు పడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఊపిరి సంగతికొస్తే, మే నెల మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి రొప్పడం ఎండ వల్ల. చల్లటి పొద్దుటి పూట నోరు తెరుస్తున్నా, కూర్చున్నచోటే ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఆడుతున్నా ఊపిరితిత్తుల్లో ఏదో ఉన్నట్టే.

జబ్బులా కనబడి జబ్బు కానివి రెండున్నాయి. పచ్చతల మగబాతు ఏటా ఈకలు రాల్చి కొన్నాళ్ళు ఆడబాతులా, పీక్కుపోయినట్టు తిరుగుతుంది. పొదుగుడుకొచ్చిన ఆడబాతు గూట్లోంచి కదలదు, మేత తగ్గిస్తుంది, దగ్గరికెళితే ఈకలు ఉబ్బించి బుసకొడుతుంది. బుసకొట్టే ఓపిక ఉందంటే మందులేమీ అక్కర్లేదు.

అనుమానం వచ్చిన బాతును పట్టుకునేటప్పుడు కాళ్ళు పట్టి ఎత్తొద్దు, వాటి కాళ్ళు ఇట్టే దెబ్బతింటాయి. రెండు చేతులతో రెక్కల మీదుగా పట్టి చంకలో పెట్టుకోండి. రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా తగిలితే చాలా రోజుల నుంచి చిక్కుతోందన్నమాట. కళ్ళలో నురగ, ముక్కులో చీమిడి ఉన్నాయేమో చూడండి. పాదం తిప్పి చూస్తే అడుగున వాపు, మధ్యలో నల్లటి పెచ్చు ఉండొచ్చు. గట్టి నేల మీద తిరిగి పాదం చెక్కుకుపోతే సూక్ష్మక్రిములు చేరి అలా అవుతుంది. ఆ పెచ్చును పిన్నీసుతో పీకకండి. గోరువెచ్చటి ఉప్పు నీళ్ళలో కాలు నానబెట్టి, పొడి గడ్డి మీద ఉంచి, చీము ఉంటే డాక్టరు చేతే తీయించండి. వంటింటి త్రాసు మీద బరువు తూచి రాసిపెట్టుకోండి, రేపు మళ్ళీ తూచినప్పుడు పనికొస్తుంది.

ఏ జబ్బో తేలేలోపు చేయాల్సింది అన్నిటికీ ఒకటే: విడిగా పెట్టడం, వెచ్చగా ఉంచడం, నీళ్ళు అందించడం. అట్టపెట్టెలో పాత పంచె పరిచి, ఒక పక్కన మాత్రమే బల్బు వేలాడదీయండి, వేడెక్కువైతే అదే రెండో పక్కకు జరుగుతుంది. తోటి బాతుల అరుపులు వినబడే చోట పెట్టండి, ఒంటరైతే బెంగతో మేత ముట్టదు. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు గిన్నెలో నీళ్ళు పెట్టండి. ఈతకు మాత్రం వదలొద్దు. నానబెట్టిన తవుడు, మెత్తటి అన్నం, సన్నగా తరిగిన తూటికూర చాలు. తాగడం లేదు కదా అని నోరు తెరిచి నీళ్ళు పోయకండి. ఊపిరి గొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్ళు అందులోకి పోతే జబ్బుతో పోవాల్సింది కాస్తా మన చేతిలో పోతుంది. ముక్కు పక్కన చుక్క చుక్కగా వేస్తే అదే చప్పరిస్తుంది.

మా వైపు నిజంగా భయపెట్టేవి విషాలు. ఎండాకాలం చెరువు నీళ్ళు తగ్గి ఒడ్డున చచ్చిన చేపలు కుళ్ళుతాయి, వాటికి పురుగులు పడతాయి, బాతులు ఆ పురుగుల్ని ఇష్టంగా ఏరుకు తింటాయి. కుళ్ళులో పుట్టే బొటులిజం విషం ఆ పురుగుల్లో పేరుకుని ఉంటుంది. ముందు కాళ్ళు పడిపోతాయి, తర్వాత రెక్కలు, ఆ తర్వాత మెడ. బాతు మెలకువగానే ఉంటుంది గానీ తల ఎత్తలేదు. అలాంటిదాన్ని నీళ్ళ దగ్గర వదిలితే జానెడు నీళ్ళలోనే మునిగి చచ్చిపోతుంది. మెడ కింద గుడ్డ చుట్టి తల ఎత్తి ఉంచండి, మిగతా వాటిని వెంటనే ఆ చెరువు నుంచి తోలుకొచ్చేయండి. విషం కొద్దిగానే ఎక్కి ఉంటే మంచినీళ్ళతో, ఓపిగ్గా చూసుకుంటే తేరుకున్నవి ఉన్నాయి.

పొలంలో చల్లిన కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళికలు తింటే వేరేలా ఉంటుంది. నోట్లోంచి సొంగ, వణుకు, తూలడం, కొట్టుకోవడం, అన్నీ కాసేపట్లోనే. మెత్తబడి వాలిపోతే కుళ్ళు విషం, కొట్టుకుంటుంటే పురుగుమందు, ఇదీ నేను పెట్టుకున్న గుర్తు. రెండో దానికి ఇంటి వైద్యం లేదు. ఏ మందు చల్లారో పొలం వాళ్ళనడిగి, వీలైతే ఆ ప్యాకెట్‌తో సహా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మూడోది మన ఇంట్లోనే ఉంటుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క, ముక్కిన మొక్కజొన్న. వాటి బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది, బాతుపిల్లలు దానికి కోడిపిల్లల కన్నా త్వరగా పడిపోతాయి. 1960లో ఇంగ్లండులో వేరుశనగ చెక్క తిన్న టర్కీ కోళ్ళు లక్షకు పైగా చచ్చిపోయాకే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. అప్పుడు బాతుపిల్లలు కూడా పోయాయి. 'మనం తినం కదా, బాతులకు వేద్దాం' అనే మాట ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోకండి.

బాతుపిల్లలు కాళ్ళు వంకరపోయి కుంటుతుంటే ముందు మేత సంచీ చూడండి. బాతుపిల్లకు కిలో మేతలో 55 మిల్లీగ్రాముల నియాసిన్ (బి3 విటమిన్) ఉండాలి, కోడిపిల్లకు అంత అక్కర్లేదు కాబట్టి కోడి మేతలో అది తక్కువ పడొచ్చు. మేతలో నియాసిన్ ఉండే బ్రూవర్స్ ఈస్ట్ పొడి కలపమంటారు, మోతాదు డాక్టరునడగండి. తొందరగా మొదలుపెడితే కాళ్ళు నిలబడతాయి, వంకర ముదిరాక కష్టం.

ఆడబాతు తోక ఆడిస్తూ ముక్కుతూ, గుడ్డు పెట్టలేక నిలువుగా నిలబడిపోతే గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో ఓ పావుగంట కూర్చోబెట్టండి. పొట్ట నొక్కొద్దు, గుడ్డు లోపలే పగిలితే ప్రాణం మీదికొస్తుంది. పూట గడిచినా పెట్టకపోతే కాల్షియం సూది పడాలి.

ఒకటి కాదు, రెండు మూడు ఒకేసారి పడిపోతే అది అంటువ్యాధి అనుకునే అడుగు వేయండి. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకోవడం, విపరీతమైన దాహం, నెత్తుటి విరేచనాలు బాతుల ప్లేగు గుర్తులు. దానికి మందు లేదు గానీ టీకా ఉంది, సాధారణంగా 8 వారాలు దాటాక వేస్తారు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనే, వేల్పూరు, కానూరు కోళ్ళ ఫారాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చిందని భోపాల్ ల్యాబ్ తేల్చింది. బాతులు ఏ లక్షణమూ లేకుండా కూడా ఆ వైరస్‌ను మోస్తాయి. కాబట్టి వరసగా చచ్చిపోతుంటే మాస్కు, తొడుగులు లేకుండా ముట్టుకోకండి, మిగతా వాటిని అమ్మేయకండి, పశువైద్యశాలకు కబురు పెట్టండి.

గేదెలకు సూదులేసే డాక్టరుగారు బాతును చూసి నవ్వొచ్చు. నవ్వనివ్వండి. ఎప్పటి నుంచి, ఏం తింది, రెట్ట ఎలా ఉంది, బరువెంత, ఈ నాలుగూ గబగబా చెప్పండి, నడక వీడియో చూపించండి, నవ్వు ఆపి చేతిలోకి తీసుకుంటారు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. మాకు దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. మందుల షాపులో 'బాతుకు ఏదన్నా యాంటీబయాటిక్ ఇవ్వండి' అని మాత్రం అడగొద్దు. విషానికీ, వైరస్‌కూ అది పనిచేయదు, పైగా ఆ మందు గుడ్లలోకి దిగుతుంది. డాక్టరు రాసిన మందు వాడినా, ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో అడిగి రాయించుకోండి.

బాతు చచ్చిపోతే కాలవలో పడేయకండి, కింద ఊరి బాతులకు అది మన చేత్తో పంపిన జబ్బే. ఒకటే పోయి, ఎందుకో తెలియకపోతే పాలిథిన్ సంచీలో మూటగట్టి ఐసు మీద పెట్టి, గడ్డకట్టనివ్వకుండా ఆ రోజే శవపరీక్షకు తీసుకెళ్ళండి. అక్కర్లేదనుకుంటే బావికీ చెరువుకీ దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతున గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. వరసగా పోతున్నవైతే పశువైద్యశాల వాళ్ళు వచ్చి చూసేదాకా పూడ్చొద్దు, వాళ్ళకు నమూనాలు కావాలి.