అకర్బన రసాయన శాస్త్రాన్ని బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

విశ్వవిద్యాలయంలో అకర్బన రసాయన శాస్త్రం చదివిన వారిని ఆ కోర్సు ఎలా ఉందని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చే మాట ఒక్కటే: ఇందులో సూత్రాల కంటే మినహాయింపులే ఎక్కువ. నేనూ మొదటి కొన్ని వారాలు అదే నమ్మకంతో చదివాను. ఆవర్తన పట్టికలోని ధోరణులను ఒక నోటుపుస్తకంలోను, వాటి మినహాయింపులను మరొక దానిలోను రాసుకుని, రెండింటినీ వల్లె వేసి మొదటి పరీక్షకు వెళ్లాను. ప్రశ్నపత్రంలో నేను వల్లె వేసిన సమ్మేళనం ఒక్కటీ లేదు. అదే కోవకు చెందిన, అంతకుముందు ఎన్నడూ చూడని సమ్మేళనాలు ఉన్నాయి. మార్కులు బాగా తగ్గిన ఆ పరీక్ష తర్వాత మొదటి పాఠం నుంచి మళ్లీ చదివినప్పుడు నాకు బోధపడిన విషయాన్నే ఇక్కడ చెబుతున్నాను. మనం మినహాయింపు అని పేరు పెట్టే చోట సాధారణంగా రెండు ప్రభావాలు పోటీ పడుతుంటాయి. ఆ రెండూ ఏవో గుర్తించి, ఏది నెగ్గిందో, ఎందుకు నెగ్గిందో లెక్కగట్టడం అలవాటైతే కంఠస్థం చేయవలసిన భాగం చాలా తగ్గిపోతుంది.

ఆవర్తన పట్టికను గీసి చదవండి

పుస్తకంలోని రేఖాచిత్రాన్ని చూసి ఊరుకోకుండా, లిథియం నుంచి నియాన్ వరకు మొదటి అయనీకరణ శక్తులను (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన శక్తి) గ్రాఫు కాగితంపై మీ చేతితో గుర్తించండి. కిలోజౌళ్లలో, ఒక మోలుకు ఆ విలువలు వరుసగా 520, 899, 801, 1086, 1402, 1314, 1681, 2081. గీత పైకి వెళ్తూ వెళ్తూ రెండు చోట్ల కిందికి దిగుతుంది. ఆ రెండు చోట్లా పెన్సిలు ఆపి, పెంచే కారణం ఒక పక్కన, తగ్గించే కారణం మరొక పక్కన రాయండి. బోరాన్ దగ్గర కేంద్రక ఆవేశం పెరిగిన మాట నిజమే, కానీ బయటకు వచ్చే ఎలక్ట్రాన్ 2పీ ఆర్బిటాల్‌లోది (ఆర్బిటాల్ అంటే పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండే ప్రాంతం). దాని శక్తి 2ఎస్ కంటే ఎక్కువ, పైగా 2ఎస్ ఎలక్ట్రాన్లు దానిని కేంద్రకం నుంచి కొంత మరుగుపరుస్తాయి. ఆక్సిజన్ దగ్గర కారణం వేరు: నాలుగో పీ ఎలక్ట్రాన్ అప్పటికే ఒకటి ఉన్న ఆర్బిటాల్‌లో జతకూడవలసి రావడంతో వికర్షణ పెరుగుతుంది. గ్రాఫులో రెండు పల్లాలూ ఒకే తీరుగా కనిపించినా వాటి వెనుక ఉన్న కారణాలు రెండు. ఈ తేడాను ఒక్కసారి చేత్తో రాసుకున్న విద్యార్థి దానిని మరచిపోవడం కష్టం.

ఇదే పద్ధతిని కింది వరుసలకు తీసుకువెళ్లండి. గ్రూపులో కిందికి పోయే కొద్దీ పరమాణువు పెద్దదవుతుందని నేర్చుకున్న తర్వాత జిర్కోనియం వ్యాసార్ధం 160 పికోమీటర్లని, దాని కింద ఉన్న హాఫ్నియం వ్యాసార్ధం 159 పికోమీటర్లని చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మధ్యలో వచ్చిన పద్నాలుగు 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కేంద్రక ఆవేశాన్ని సరిగా మరుగుపరచలేకపోవడం వల్ల, కొత్త కక్ష్య వల్ల పెరగవలసిన పరిమాణమంతా లాంథనైడ్ సంకోచంలో కరిగిపోయింది. దాని పర్యవసానం చరిత్రలోనూ కనిపిస్తుంది. జిర్కోనియంను 1789లోనే గుర్తించారు; దాని ఖనిజాలలోనే కలిసి ఉండే హాఫ్నియం మాత్రం, రెండింటి రసాయన ధర్మాలు అంత దగ్గరగా ఉండడం వల్ల, 1923 వరకు బయటపడలేదు.

ప్రతి సంక్లిష్టానికీ మూడు ప్రశ్నలు

పరివర్తన మూలకాల పాఠం మొదలైన రోజు నుంచి, కంటపడిన ప్రతి సంక్లిష్ట సమ్మేళనాన్నీ (మధ్యలో లోహం, దాని చుట్టూ అంటిన అణువులు లేదా అయాన్లు, అంటే లైగాండ్లు, ఉన్నదాన్ని) మూడు ప్రశ్నలు అడగండి. లోహపు ఆక్సీకరణ స్థితి ఎంత? దానిలో డి ఎలక్ట్రాన్లు ఎన్ని? లైగాండ్లు దాని చుట్టూ ఏ ఆకృతిలో అమరాయి? ఈ మూడింటికీ జవాబు రాయకుండా రంగు గురించి గాని, అయస్కాంత ధర్మం గురించి గాని ఆలోచించవద్దు. విద్యార్థుల జవాబుపత్రాల్లో నేను చూసిన తప్పులలో పెద్ద భాగం రెండో ప్రశ్న దగ్గరే జరుగుతుంది. ఐరన్ పరమాణువులో ఎలక్ట్రాన్లు 4ఎస్‌లో ముందు, 3డీలో తర్వాత నిండుతాయని నేర్చుకున్నాం కాబట్టి, అయాన్ ఏర్పడేటప్పుడు 3డీ నుంచే ముందు పోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లు. అందుకే ఐరన్ రెండు స్థితిలో (అంటే +2 ఆక్సీకరణ స్థితిలో) ఆరు డి ఎలక్ట్రాన్లు, మూడు స్థితిలో (+3) అయిదు ఉంటాయి. ఈ ఒక్క అంకె తప్పితే ఆ తర్వాత చేసిన లెక్కంతా, ఎంత శ్రద్ధగా చేసినా, వృథా అవుతుంది.

మూడో ప్రశ్న విలువ తెలియాలంటే రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెర్నర్ ఎదుర్కొన్న సమస్యను పుస్తకం మూసి మీరే ఎదుర్కొనండి. కోబాల్ట్(III) క్లోరైడ్‌తో అమ్మోనియా కలిసిన సమ్మేళనాలు ఉన్నాయి: ఆరు అమ్మోనియా అణువులున్నది పసుపు రంగు, అయిదున్నది ఊదా రంగు, నాలుగున్నది రెండు రూపాల్లో దొరుకుతుంది, ఒకటి ఆకుపచ్చ, రెండోది వంగపండు రంగు. వీటి ద్రావణాలకు సిల్వర్ నైట్రేట్ కలిపితే మొదటి దాని నుంచి మూడు క్లోరైడ్లు, రెండో దాని నుంచి రెండు, మూడో దాని నుంచి ఒక్కటి మాత్రమే వెంటనే అవక్షేపంగా దిగుతాయి. ఈ సమాచారంతోనే నిర్మాణాలు గీయడానికి ప్రయత్నించండి. దిగని క్లోరైడ్ లోహానికి నేరుగా బంధితమై ఉండాలి. లోహానికి అంటిన వాటిని లెక్కపెడితే ప్రతిసారీ ఆరే వస్తాయి. ఇప్పుడు ఆ ఆరు ఎలా అమరాయో తేల్చాలి. సమతల షడ్భుజిగా గాని త్రిభుజ పట్టకంగా గాని అమరి ఉంటే నాలుగు అమ్మోనియాల సమ్మేళనానికి మూడు ఐసోమర్లు (ఒకే కూర్పు, వేర్వేరు అమరికలు గల రూపాలు) రావాలి. అష్టముఖిగా అమరితే రెండే వస్తాయి. దొరికినవి రెండు. కాగితంపై మూడు ఆకృతులూ గీసి ఐసోమర్లను లెక్కించడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది, కానీ సమన్వయ సంఖ్య (లోహానికి నేరుగా అంటిన వాటి సంఖ్య) అనే మాట ఆ తర్వాత నాకు నిర్వచనంలా వినిపించలేదు. వెర్నర్ తన సిద్ధాంతాన్ని 1893లో, ఇరవై ఆరేళ్ల వయసులో ప్రతిపాదించాడు. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. లోహం చుట్టూ ఉన్న అమరికను నేరుగా చూపే సాధనాలు లేని కాలంలో, ఐసోమర్లను లెక్కపెట్టి ఆకృతిని తేల్చిన తర్కం అది. ఈ కోర్సులో ఇంతకంటే అందమైన ఘట్టం నాకు మరొకటి కనిపించలేదు.

స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం: ఎంతవరకు నమ్మాలి

లైగాండ్లు లోహపు డి ఆర్బిటాళ్ల శక్తులను ఎలా విడదీస్తాయో చెప్పే, భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేతే 1929లో రూపొందించిన ఈ సిద్ధాంతాన్ని చాలామంది రెండు గీతలు పైన, మూడు గీతలు కింద ఉన్న బొమ్మగా గుర్తుపెట్టుకుంటారు. అలా కాకుండా అయిదు డి ఆర్బిటాళ్లను అక్షాలతో సహా గీసి, ఆరు లైగాండ్లను అక్షాల కొనల మీద ఉంచండి. లైగాండ్లకు ఎదురుగా ఉన్న రెండు ఆర్బిటాళ్లు పైకి, అక్షాల నడుమ ఉన్న మూడు కిందికి పోక తప్పదని బొమ్మే చెబుతుంది. తర్వాత అదే అక్షాలను ఒక ఘనంలో ఉంచి, దాని ఎనిమిది మూలల్లో ఒకటి విడిచి ఒకటిగా నాలుగు లైగాండ్లను పెట్టండి. ఇప్పుడు క్రమం తలకిందులవుతుంది. లైగాండ్లు తక్కువ కావడం వల్ల, ఏ ఆర్బిటాల్‌కూ సూటిగా ఎదురుపడకపోవడం వల్ల విభజన (ఆర్బిటాళ్ల రెండు గుంపుల మధ్య శక్తి తేడా) కూడా అష్టముఖిలోని దానిలో తొమ్మిదింట నాలుగు వంతులకు పడిపోతుంది. చతుర్ముఖ సంక్లిష్టాలు దాదాపు ఎప్పుడూ అధిక స్పిన్‌లోనే (ఎలక్ట్రాన్లు వీలైనంతవరకు జతకూడకుండా ఉండే స్థితిలో) ఎందుకు ఉంటాయో వేరే చదవనక్కరలేదు.

అధిక స్పిన్, అల్ప స్పిన్ అన్నవి కూడా పోటీకి ఉదాహరణలే. విభజన శక్తి ఒక వైపు, జతకూర్చే శక్తి మరొక వైపు. నీటితో కూడిన ఐరన్ మూడు అయాన్‌లో విభజన తక్కువ కాబట్టి అయిదు ఎలక్ట్రాన్లూ విడివిడిగా ఉంటాయి. స్పిన్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకునే సూత్రం ప్రకారం అయస్కాంత భ్రామకం 5.92 బోర్ మాగ్నెటాన్లు. సయనైడ్‌తో అదే అయాన్‌లో ఒక్క ఎలక్ట్రానే మిగులుతుంది. లెక్క ప్రకారం 1.73 రావాలి, కొలిస్తే సుమారు 2.3 వస్తుంది. చాలామంది విద్యార్థులు ఈ తేడాను పొరపాటుగా భావించి దాటిపోతారు. దయచేసి అక్కడ ఆగండి. ఆ మిగులు ఎలక్ట్రాన్ కక్ష్యా చలనం నుంచి వచ్చింది, మన సూత్రం దానిని లెక్కలోకి తీసుకోలేదు. ఒక సూత్రం హద్దు ఎక్కడ ఉందో ఇలాంటి చోట్లనే తెలుస్తుంది.

లైగాండ్ల బలాన్ని చూపే వర్ణపట రసాయన శ్రేణి దగ్గర మరింత లోతైన ప్రశ్న ఉంది. ఈ సిద్ధాంతం లైగాండ్లను రుణావేశ బిందువులుగా భావిస్తుంది. అలాంటప్పుడు ఆవేశమున్న ఫ్లోరైడ్ శ్రేణిలో బలహీనమైన వైపు, ఏ ఆవేశమూ లేని కార్బన్ మోనాక్సైడ్ బలమైన చివర ఎందుకు ఉన్నాయి? ఈ ప్రశ్నను తరగతిలో లేచి అడగండి. జవాబు కోసం అణు ఆర్బిటాల్ సిద్ధాంతంలోకి వెళ్లాలి: లోహం తన డి ఎలక్ట్రాన్లను కార్బన్ మోనాక్సైడ్‌లోని ఖాళీ పై (π) ఆర్బిటాళ్లకు తిరిగి ఇస్తుంది. దీనికి కొలవగలిగిన సాక్ష్యం ఉంది. విడిగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్ బంధ కంపనం తరంగ సంఖ్య, సెంటీమీటరుకు 2143. క్రోమియం హెక్సాకార్బొనిల్‌లో అది 2000 దగ్గరకు దిగుతుంది, అంటే కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య బంధం ఆ మేరకు సడలింది.

రంగుల విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. టైటానియం మూడు అయాన్ నీటిలో ఊదాగా ఉండడానికి అది 500 నానోమీటర్ల ప్రాంతంలోని కాంతిని శోషించి ఒక డి ఎలక్ట్రాన్‌ను పైకి పంపడమే కారణం. అదే వివరణను పొటాషియం పర్మాంగనేట్‌కు రాసి మార్కులు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. అందులోని మాంగనీస్‌కు డి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. ఆ గాఢమైన రంగు ఆక్సిజన్ నుంచి మాంగనీస్‌కు జరిగే ఆవేశ బదిలీది. అయిదు డి ఎలక్ట్రాన్లున్న మాంగనీస్ రెండు ద్రావణం మాత్రం దాదాపు రంగులేకుండా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఏ ఎలక్ట్రాన్ పైకి వెళ్లాలన్నా దాని స్పిన్ తిరగబడాలి. డి ఎలక్ట్రాన్లు ఎన్ని అనే మన రెండో ప్రశ్నను ముందే వేసుకుని ఉంటే ఈ తప్పు జరగదు.

సౌష్ఠవాన్ని చేతులతో నేర్చుకోండి

అణువులను వాటి సౌష్ఠవాన్ని బట్టి వర్గీకరించే బిందు సమూహాల పాఠానికి భయపడనివారు తక్కువ. దీనికి మందు ఒక్కటే, నమూనాలు. పుల్లలు, బంకమట్టి ఉండలు చాలు. నీరు, అమ్మోనియా, బోరాన్ ట్రైఫ్లోరైడ్, జినాన్ టెట్రాఫ్లోరైడ్‌లను ఈ వరుసలో తయారు చేసి, కళ్లు మూసుకున్న స్నేహితుడు మళ్లీ తెరిచినప్పుడు తేడా కనిపెట్టలేని విధంగా వాటిని ఎన్ని రకాలుగా తిప్పవచ్చో చూడండి. చివరి దానికి, దర్పణ ప్రతిబింబం వంటి చేత్తో చేయలేని వాటిని కూడా కలిపి, మొత్తం 16 ప్రక్రియలు దొరకాలి. పదో పన్నెండో దొరికి ఆగిపోతే, మిగిలినవి ఏవో వెతికే ఆ గంటే అసలైన పాఠం. ఒక్కో బిందు సమూహపు సౌష్ఠవ వివరాలను చూపే క్యారెక్టర్ పట్టికలను కంఠస్థం చేయకండి. చదవడం వస్తే చాలు.

మూలకాల రసాయనానికి లాటిమర్ చిత్రాలు

పీ బ్లాకు మూలకాల పాఠాల్లో సమాచారం కుప్పలుగా ఉంటుంది, కొంత గుర్తుపెట్టుకోక తప్పదు. అక్కడ కూడా లాటిమర్ చిత్రాలు (ఒక మూలకపు ఆక్సీకరణ స్థితులను వరుసగా రాసి, వాటి మధ్య క్షయకరణ పొటెన్షియళ్లను చూపే చిత్రాలు) బాగా ఆదుకుంటాయి. పద్ధతి తెలియడానికి, డి బ్లాకులోనిదే అయినా, కాపర్‌ను తీసుకోండి: రెండు స్థితి నుంచి ఒకటికి 0.15 వోల్టులు, ఒకటి నుంచి లోహానికి 0.52 వోల్టులు. కుడి విలువ ఎడమ విలువ కంటే ఎక్కువ కాబట్టి, కాపర్ ఒకటి అయాన్ నీటిలో నిలవక కాపర్ రెండుగా, లోహంగా విడిపోతుంది.

ప్రయోగశాలలో

పొటాషియం ట్రిస్ ఆక్సలేటో ఫెర్రేట్ తయారీ అనేక కోర్సుల్లో ఉంటుంది. దానిని పుస్తకంతో కలిపి చదివితే పాఠమంతా కళ్ల ముందు జరుగుతుంది. ముందు పసుపు రంగు ఐరన్ రెండు ఆక్సలేట్ అవక్షేపం దిగుతుంది. దానికి పొటాషియం ఆక్సలేట్ ద్రావణం కలిపి, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతూ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చుక్కచుక్కగా వేస్తే ఐరన్ మూడు స్థితికి మారి, గోధుమ రంగు హైడ్రాక్సైడ్ కనిపిస్తుంది. ఆ తర్వాత వేడి చేసి ఆక్సాలిక్ ఆమ్లం కలిపితే ఆ మడ్డి కరిగి, ద్రావణం స్వచ్ఛమైన ఆకుపచ్చకు తిరుగుతుంది. నేను మొదటిసారి తొందరపడి పెరాక్సైడ్‌ను వేడి ఎక్కువైన ద్రావణంలో ఒక్కసారిగా పోశాను. అది పని చేయకముందే విఘటనం చెంది నురగగా పోయింది, పసుపు అవక్షేపం సగం అలాగే మిగిలింది. ఉష్ణోగ్రత ఎందుకు చెప్పారో ఆలోచించకుండా సూచనలను అనుసరించినందుకు జరిగిన నష్టం అది. ఎథనాల్ కలిపే ముందు మంట ఆర్పివేయాలని, వచ్చిన స్ఫటికాలను చీకటిలో ఉంచాలని కూడా మరువవద్దు. వెలుతురు తగిలే చోట వదిలేస్తే ఆ పచ్చని స్ఫటికాలపై పసుపు పొర ఏర్పడుతుంది: కాంతి ఐరన్‌ను మళ్లీ రెండు స్థితికి దించుతోందన్న మాట. రంగు మారిన ప్రతిసారీ సమయాన్ని, ఉష్ణోగ్రతను, ఆ క్షణంలో ఐరన్ ఆక్సీకరణ స్థితిని నోటుపుస్తకంలో పక్కపక్కనే రాయండి.

పరీక్షలో కూడా ఇదే వరుసను పాటించండి. ఆక్సీకరణ స్థితి, డి ఎలక్ట్రాన్ల సంఖ్య, ఆకృతి, ఆ తర్వాతే పోటీపడే రెండు ప్రభావాలు, చివరన నిర్ణయం. సమయం మిగిలితే ప్రతి సంక్లిష్టం మీద రాసిన మొత్తం ఆవేశాన్ని లోహం, లైగాండ్ల ఆవేశాలను కూడి మరొకసారి సరిచూసుకోండి.