గుర్రం కీలుకు ఇంజెక్షన్ వేయించే ముందు జాగ్రత్తలు

• కుంటు నిజంగా కీలు వల్లేనా? ముందు గిట్ట చూడండి. లోపల చీము పట్టినా, లాడం మేకు పక్కకు దిగినా ఇలాగే కుంటుతుంది. గట్టి నేల మీద ట్రాట్ (చిన్న పరుగు) చేయించండి. ముందు కాలు నొప్పైతే, ఆ కాలు నేలకు తగిలినప్పుడల్లా తల పైకెత్తుతుంది.

• డాక్టర్ చూడకముందే ఫినైల్‌బ్యుటాజోన్ (నొప్పి మందు) పట్టించకండి. చాలామంది చేసే తప్పిదే. నొప్పి అణిగితే కుంటు కనబడదు, పరీక్ష దండగ.

• ఇదివరకు లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) వచ్చిందా, గుర్రం బాగా ఒళ్లు చేసిందా, దాచకుండా చెప్పండి. కీలులో స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) వేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

• మలక్‌పేట లాంటి చోట పరుగెత్తే గుర్రమైతే పందెం తేదీ కూడా చెప్పండి. మందు ఆనవాళ్లు డోప్ టెస్టులో దొరుకుతాయి.

• దుమ్ము లేని చోటు, గుర్రానికి అలవాటైన మనిషి.

• సూది గుచ్చే చోట పుండు ఉంటే వాయిదా వేయండి. కీలు దగ్గర లోతుగా తెగితే మాత్రం ఆ రోజే చూపించాలి.

• రాత్రి పిలిస్తే వచ్చే డాక్టర్ నంబరు దగ్గరుంచుకోండి. ఇంజెక్షన్ తర్వాత కీలు వేడెక్కి వాచి, కాలు మోపలేకపోతే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి.