మనాలి-లేహ్ సైకిల్ యాత్ర: రాత్రి మకాం ఎక్కడ?

ఈ దారిలో ఎక్కువమందిని దెబ్బతీసేది ఎక్కడం కాదు, రాత్రి పడుకునే చోటు ఎత్తు. దారిలోని మకాముల్లో జిస్పా సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉంటే, సర్చు 4,290. కాళ్లలో సత్తువుంది కదా అని మొదటిచోటు నుంచి రెండోచోటుకు ఒక్క రోజులో వెళ్లిపోతే ఆ రాత్రే తలపోటు, వాంతులు పట్టుకోవచ్చు.

3,000 మీటర్లు దాటాక మకాం ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. జిస్పా దాటాక వచ్చే దార్చాలో రెండు రాత్రులు ఆగండి. రెండోరోజు సామాను దించేసి కాస్త పైకి తొక్కి, తిరిగొచ్చి పడుకోండి. తర్వాతి రాత్రులు వరుసగా పట్సియో, జింగ్‌జింగ్‌బార్‌లలో. సొంత గుడారం వెంట ఉంచుకోండి.

ఎవరికైనా ఎత్తు పడలేదని అనుమానమొస్తే నేలమీద గీత గీసి, వాళ్లను మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిపించండి. తూలితే మెదడు వాస్తోందేమోనని భయపడాల్సిందే. తెల్లవారేదాకా ఆగకుండా వాహనంలో కిందికి దించండి. సర్చులో ఇది మరీ కష్టం: వెనక్కి రావాలన్నా ముందు బారాలాచా కనుమ ఎక్కాలి. అందుకే తలపోటు పూర్తిగా తగ్గాకే ఆ కనుమ దాటండి.