జీఎస్టీ రిటర్న్ 3బీ దాఖలు చేసే ముందు: పర్లాకిమిడి లెక్కలు రాసేవాళ్లకి

ముందు బిల్లు మీద జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి. మన ఒడిశాకు 21, ఆంధ్రకు 37. మన కొట్టు నుంచి సరుకు ఆంధ్రలోని పాతపట్నం కొట్టుకు పంపితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటితే పడే పన్ను. ఊళ్లోనే అయితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ. మనకి పాతపట్నం పక్క వీధిలాంటిదే కదా, అందుకే ఇక్కడే ఎక్కువగా పొరబడతాం. నేనూ ఒకసారి పొరబడ్డాను. సరైన పన్ను మళ్లీ కట్టించి, ముందు కట్టినదానికి రిఫండ్ పెట్టాల్సి వచ్చింది. అన్నాళ్లూ ఆ షావుకారు డబ్బు ఇరుక్కుపోయింది, నాకు నిద్ర పట్టలేదు.

14న వచ్చే 2బీతో, అంటే మనకి అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితాతో, కొనుగోళ్లు సరిచూడండి. అందులో లేని బిల్లుకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు తగ్గింపు) వద్దు, షావుకారు ఎంత బతిమాలినా సరే.

రేట్లు మళ్లీ చదవండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయాయి. సాఫ్ట్‌వేర్‌లో పాత రేటే ఉండిపోయిందేమో చూడండి. నెలకో పూట చదువుకే పెట్టుకోండి, ఫీజు రాని పూట అయినా.

క్యాష్ లెడ్జర్‌లో, అంటే పోర్టల్‌లో పన్ను కోసం డబ్బు వేసుకునే ఖాతాలో, డబ్బుందా? నెలనెలా వేసేవాళ్లకి గడువు 20. టెన్షన్ లేకుండా 18కే వేసేయండి. ఒకసారి వేసిన 3బీని వెనక్కి తీసుకుని దిద్దలేం.