మన సీమ కథల్లో ఉండే ఆడోళ్ళు నిజంగా ఉన్నారా లేదా ఎట్ల చెక్ చేసుకోవాలి

కడప, అనంతపురం, కర్నూలు సైడ్ ఏ ఊరికి పోయినా ఒక అమ్మ కథ ఉంటాది. చెరువు కట్టకి ప్రాణమిచ్చిన కోడలనో, గుడి కట్టించిన రాణనో, పద్యాలు చెప్పిన అక్కనో. అది వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగేసరికి పుట్టిన సంవత్సరం, మొగుడి పేరు అన్నీ వచ్చి అతుక్కుంటాయి. కాబట్టి ఫస్ట్ అడగాల్సింది ఒకటే, ఈ పేరు మొట్టమొదట రాసిపెట్టింది ఎవరు, ఆమె కాలానికి ఎన్నేళ్ళ తర్వాత?

బుక్కరాయసముద్రం ముసలమ్మనే తీసుకోండి. చెరువేమో విజయనగర బుక్కరాయల కాలంది, అంటే 14వ శతాబ్దం. బసిరెడ్డి కోడలు ముసలమ్మ కట్ట నిలబడాలని తనే బలైపోయిందని కథ. అయితే దానికి ఆధారం అనంతపురం చరిత్ర అనే పుస్తకం, అది 1750-1810 మధ్యలో రాసింది, బ్రౌన్ దొర 1853లో ఇంగ్లీషులో అచ్చేయించినాడు, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం కూడా ఆ కథ పట్టుకునే వచ్చింది. చాలామంది ఇవన్నీ వేరే వేరే సాక్ష్యాలని లెక్కేస్తారు, కాదు, అన్నీ ఒకటే. అంతమాత్రాన ఆమె లేదని కాదు, కథ రెండొందల ఏళ్ళ కింద ఉన్నింది అని మాత్రం గట్టిగా చెప్పొచ్చు, అంతకంటే వెనక్కి పోవాలంటే శాసనం కావాల.

అన్నమయ్య భార్య తాళ్ళపాక తిమ్మక్క విషయంలో అట్ల కాదు. సుభద్రాకల్యాణం ఆమె పేరు మీద ఉంది, అది కాక అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన తాత చరిత్రలో కూడా ఆమె పేరు ఉంది, ఇంట్లోవాళ్ళ మాట కదా, బలమైన సాక్ష్యం. మొల్ల అయితే తనది గోపవరం అనీ, కేసన కూతురిననీ తనే చెప్పుకుంది. అది నమ్మండి. కృష్ణదేవరాయల సభకి పోయిందనేది మాత్రం వేరే లెక్క, దాన్ని విడిగా చెక్ చేయాల. గోపవరం పేరుతో ఊర్లు కూడా ఒకటికి మించి ఉన్నాయి, మన బద్వేలు దగ్గరదేనా అని అది కూడా చూసుకోండి.

ఇంక శాసనాలు, నాకు బాగా ఇష్టమైన పని ఇదే. శాసనాల పాఠాలు అచ్చేసిన సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అనే పుస్తకాల వరసలో 10, 16 వాల్యూమ్‌లు తెలుగువి, కడప జిల్లా శాసనాలు విడిగా కూడా అచ్చేసినారు, కైఫీయతుల కోసం, అంటే పాతకాలంలో రాసిపెట్టిన ఊరి చరిత్రల కోసం, కడప బ్రౌన్ లైబ్రరీకి పోండి. ఇండెక్స్‌లో పేరు లేదని మూసేయొద్దు. ఆడోళ్ళ పేర్లు ఎక్కువగా దానం ఇచ్చిన మొగాయన వాక్యంలోనే, తమ తల్లికి పుణ్యంగాను అనే చోట దాక్కోని ఉంటాయి, పూర్తి పాఠం చదివితేనే కనిపిస్తాయి. స్పెల్లింగ్ కూడా మార్చి మార్చి వెతకండి, తిమ్మక్క అక్కడ తింమక్క అయ్యుంటాది, అమ్మ అంమ అయ్యుంటాది.

పేరు దొరికినాక తేదీ. శక సంవత్సరానికి 78 కలపండి, ఉగాదికి ముందు నెలలైతే 79 పడొచ్చు. పక్కన ఉండే సంవత్సరం పేరు కూడా కుదరాల, శక 1450 సర్వధారి అంటే 1528, అది సరిపోతాది. కుదరకపోతే చదివినోళ్ళు తప్పు చదివినారా, రాయే తర్వాత చెక్కినారా అని అనుమానించాల్సిందే.

వీలైతే రాయి దగ్గరికే పోండి. పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీస్తే అక్షరాలు తేలి కనిపిస్తాయి, సుద్దపొడి, పసుపు మాత్రం రుద్దొద్దండి దయచేసి, ఉన్న అక్షరం అరిగిపోతాది.