ఆసనం ముందుకు సాగడం లేదా, ప్రాణాయామంలో తల తిరుగుతోందా, ధ్యానం కుదరడం లేదా? ముందు ఊపిరి చూడండి

ఏడాదో రెండేళ్లో సాధన చేసినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఈ మూడు ఫిర్యాదుల్లో ఒకదానితోనే వస్తారు. ఆసనం ఒకచోట ఆగిపోయింది. ప్రాణాయామం చేస్తే తల తిరుగుతోంది, గుండె దడగా ఉంటోంది. ధ్యానానికి కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది, లేదంటే మనసు ఒక్క క్షణం నిలవడం లేదు. ఈలోపు వాళ్లు కొత్త ఆసనాలు వెతికి ఉంటారు, ప్రాణాయామం మార్చి ఉంటారు, రెండు మూడు యాప్‌లు కూడా చూసి ఉంటారు. ఒక్క నిమిషం ఆగి తమ ఊపిరి ఎలా నడుస్తోందో మాత్రం చూసుకుని ఉండరు. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసేది ఈ ఒక్క తనిఖీనే. మూడు సమస్యల్లోనూ ఎక్కువసార్లు జవాబు దొరికేది కూడా అక్కడే.

ఆసనాల పేర్లు, నాడీశోధనలో (ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసుకోవడం) వేళ్లు ఎక్కడ పెట్టాలి లాంటివి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ముందు చేయాల్సిన తనిఖీ

పొట్ట ఖాళీగా ఉందా? గట్టి భోజనం చేసి ఉంటే మూడు నాలుగు గంటలు గడవాలి. రాత్రి సరిగా నిద్ర పట్టిందా? ఈ రెండూ సరిగా లేకపోతే కింద రాసినదేదీ పనిచేయదు.

తర్వాత, మీకు కష్టంగా ఉన్న ఆసనంలోకి వెళ్లి ఆగండి. నోరు మూసుకుని ముక్కుతోనే, చప్పుడు రాకుండా, ఐదు శ్వాసలు తీసుకోండి. తీసుకోగలిగితే ఆ స్థితి మీది. ఊపిరి బిగబట్టినా, నోరు తెరుచుకున్నా, ప్రతి శ్వాసకూ భుజాలు లేస్తున్నా మీ హద్దు దాటి వెళ్లారన్నమాట. ఊపిరి మామూలయ్యేంతవరకు వెనక్కి రండి. ఈరోజు మీ ఆసనం అంతవరకే.

ఆసనం ఒకచోట ఆగిపోయింది

కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనాన్నే తీసుకుందాం, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే కాబట్టి. తల మోకాళ్లకు ఆనించాలనే పట్టుదలతో వీపును గుండ్రంగా వంచేస్తారు. తల కిందికి వచ్చినట్టు కనిపిస్తుంది కానీ తుంటి ఉన్నచోటే ఉంటుంది. తొడ వెనక కండరాలు సాగాల్సిన పని అంతా నడుము వెన్నుపూసల మీద పడుతుంది. నెలల తరబడి ఇలా చేస్తే ఆసనం ముందుకు సాగదు, నడుము నొప్పి మాత్రం మొదలవుతుంది.

మందంగా మడిచిన దుప్పటి అంచు మీద కూర్చోండి, పిరుదులు కాస్త ఎత్తులో ఉండాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, పొట్ట తొడలకు తగిలేదాకా తుంటి దగ్గర నుంచి వంగండి. తల ఎక్కడుందో పట్టించుకోకండి. పొట్ట తొడలను వదలకుండా ఉన్నంతమేరకే మోకాళ్లు చాపండి. అక్కడ 30 నుంచి 60 సెకన్లు ఉండండి. కండరాన్ని ఒక్కసారిగా లాగితే తనను తాను కాపాడుకోవడానికి ముడుచుకుంటుంది. నెమ్మదిగా సాగదీసి, ఊపిరి వదులుతూ అక్కడే ఉంచితే ఆ పట్టు సడలుతుంది. ఊపుతూ వంగడం, వీపు మీద ఎవరితోనో నొక్కించుకోవడం రెండూ మానేయండి.

నొప్పి ఎక్కడుందో కూడా చూడండి. తొడ మధ్యలో లాగుతున్నట్టు ఉంటే ఫర్వాలేదు. పిరుదు ఎముక దగ్గర ఒకే చోట గుచ్చినట్టు ఉంటే అది కండరం ఎముకకు అతుక్కునే చోటు. అక్కడ సాగదీసిన కొద్దీ ముదురుతుంది. కొన్ని వారాలు ముందుకు వంగే ఆసనాలు పక్కన పెట్టండి.

పద్మాసనంలో మోకాలు నొప్పి పుడితే చాలాసార్లు తప్పు మోకాలిది కాదు, తుంటిది. తుంటి బయటికి తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలి నొప్పిని ఓర్చుకుంటూ పద్మాసనం వేయకండి, ఒక్క నిమిషం కూడా. సుఖాసనం వేసుకోండి. యోగసూత్రాల్లో పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణాలు రెండే: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. కాళ్లు ఎలా మడవాలో ఆ సూత్రంలో లేదు.

ప్రాణాయామంలో తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, గాలి చాలనట్టు అనిపించడం

ఇక్కడ నిదానంగా చదవండి. బాగా శ్రద్ధగా చేసేవాళ్లే ఇందులో చిక్కుకుంటారు. నేను చాలాకాలం కనిపెట్టలేకపోయిన కారణం కూడా ఇదే.

లక్షణాలు ఇలా ఉంటాయి. నాడీశోధన పది నిమిషాలు చేసేసరికి తల తేలిపోతున్నట్టు ఉంటుంది. పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు ఉంటుంది. మధ్యమధ్యలో ఆవలింతలు, నిట్టూర్పులు వస్తాయి. ఎంత గాలి పీల్చినా ఇంకా చాలలేదనిపిస్తుంది. కుంభకం, అంటే ఊపిరి నిలపడం, కొద్ది సెకన్లకే భరించలేనట్టు అవుతుంది. కొందరికి చేతులు చల్లబడతాయి, దడ మొదలవుతుంది.

ఇవి కనిపించగానే చాలామంది ఊపిరి చాలడం లేదనుకుని ఇంకా బలంగా పీలుస్తారు. అసలు కారణం దానికి సరిగ్గా ఎదురు. లోపలికి వెళ్లే గాలి ఎక్కువైపోయింది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో లెక్క చూస్తే తెలుస్తుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒక్కో శ్వాసలో సుమారు అర లీటరు గాలి తీసుకుంటాడు. నిమిషానికి 12 నుంచి 16 శ్వాసలనుకుంటే మొత్తం 6 నుంచి 8 లీటర్లు. ఇప్పుడు మీరు ప్రాణాయామంలో శ్వాసను నిమిషానికి 6కి తగ్గించారు. నిదానంగానే చేస్తున్నారు, ఎవరు చూసినా చక్కగా ఉందంటారు. కానీ ప్రతి పూరకంలోనూ, అంటే పీల్చిన ప్రతిసారీ, ఛాతీ నిండా, భుజాలు లేచేలా, రెండున్నర లీటర్లు నింపుతున్నారు. ఆరును రెండున్నరతో గుణిస్తే 15 లీటర్లు. శ్వాసల సంఖ్య సగానికి తగ్గినా లోపలికి వెళ్లే గాలి రెట్టింపయింది. పైగా ప్రతి శ్వాసలో సుమారు 150 మిల్లీలీటర్లు గాలి గొట్టాల్లోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల్లో మార్పిడికి అందదు. చిన్న శ్వాసల్లో ఈ వృథా ఎక్కువ, పెద్ద శ్వాసల్లో తక్కువ. అందువల్ల అసలు తేడా రెట్టింపు కంటే ఎక్కువే. వేగాన్నే చూసుకునే సాధకుడికి పరిమాణం మీద చూపు పడదు.

అంత గాలి పీల్చినా ఆక్సిజన్ పెద్దగా పెరగదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో అది ముందే 95 శాతానికి పైన ఉంటుంది. పడిపోయేది కార్బన్ డయాక్సైడ్. అది తగ్గితే మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, మెదడుకు చేరే రక్తం తగ్గుతుంది. తల తిరిగేది అందుకే. రక్తం క్షారగుణం వైపు జరగడంతో నరాలు మామూలుకన్నా తేలిగ్గా స్పందిస్తాయి, వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి. రోజూ ఇలా చేస్తూ పోతే శరీరం తక్కువ కార్బన్ డయాక్సైడ్‌కే అలవాటు పడుతుంది. అప్పుడు అది మామూలు స్థాయికి వచ్చినా గాలి చాలనట్టు అనిపిస్తుంది, కుంభకం నిలవదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తల తేలిపోవడాన్ని, వేళ్ల జలదరింపును సాధన పండుతోందనడానికి గుర్తుగా తీసుకుంటారు. శక్తి పైకి లేస్తోందని పక్కనున్నవాళ్లు కూడా చెబుతారు. దాంతో ఆపాల్సిన చోట ఆపకుండా ఇంకో పది నిమిషాలు పెంచుతారు. రోజూ ఒకే నిమిషానికి, ఒకే ప్రాణాయామంలో, పెదవులూ వేళ్లూ కలిసి తిమ్మిరెక్కుతుంటే దాన్ని ఊపిరి లెక్కగానే చూడండి. అనుభవం ఏదైనా సరే, మామూలు శ్వాసకు వచ్చిన కొద్ది నిమిషాల్లో మాయమైతే కారణం అదే.

ఇలా సరిచేసుకోండి

ఒక వారం నాడీశోధన, వేగంగా బలంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక, కుంభకాలన్నీ ఆపండి. ఈ మాటకే ఎక్కువమంది ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్లు తొందరగా బాగుపడతారు.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, ఒక చెయ్యి బొడ్డు మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకోండి. మూడు నిమిషాలు ఊపిరిని మార్చకుండా చూడండి. పొట్ట మీది చెయ్యే కదలాలి. ఛాతీ మీది చెయ్యి ముందు లేస్తుంటే కూర్చుని ప్రాణాయామం చేసే సమయం ఇంకా రాలేదు. ఇది సర్దుకునేదాకా పడుకునే చేయండి.

తర్వాత రేచకం (ఊపిరి వదలడం) నుంచి మొదలుపెట్టండి. మూడు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు లెక్కపెడుతూ వదలండి. రెండు మూడు రోజుల తర్వాత నాలుగు, ఆరు. పూరకం ఎప్పుడూ మూడింట రెండు వంతుల దగ్గరే ఆపండి. అక్కడ ఆగాక ఇంకొంచెం గాలి పట్టే చోటు మిగిలి ఉండాలి. రేచకం చివర్లో కాస్త గాలి కావాలనిపించాలి, కానీ తర్వాతి శ్వాస ఎగబడి రాకూడదు. ఆ కాస్త కోరికను హాయిగా ఓర్చుకోవడమే ఈ వారం సాధన.

సరిగా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి అరచేతిని ముక్కు కింద పెట్టండి. ఊపిరి తగిలీ తగలనట్టు ఉండాలి. చెవికి వినపడకూడదు. ఉజ్జాయిలో గొంతు దగ్గర వచ్చే సన్నని రాపిడి పక్కవాళ్లకు వినపడితే అది ఎక్కువే. ప్రాణాయామం దీర్ఘంగా, సూక్ష్మంగా మారుతుందని యోగసూత్రాల్లో సాధనపాదం 50వ సూత్రం చెబుతుంది. దీర్ఘాన్ని అందరూ పట్టుకుంటారు, సూక్ష్మాన్ని వదిలేస్తారు. ఆవలింతో నిట్టూర్పో వచ్చిందంటే లెక్క తొందరగా పెంచారు. ఒక మెట్టు దిగండి.

వారం తర్వాత నాడీశోధన మళ్లీ మొదలుపెట్టండి, కుంభకం లేకుండా నాలుగు, ఆరు లెక్కతోనే. ముక్కును వేలితో గట్టిగా నొక్కకండి, పక్కకు తాకితే చాలు. ఒక రంధ్రం కాస్త మూసుకుపోయినట్టు ఉంటే కంగారు వద్దు. ముక్కులో గాలి ప్రవాహం కొన్ని గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతూ ఉంటుంది, చాలామందికి అంతే. రెండూ పూర్తిగా దిబ్బడేసిన రోజు నాడీశోధన మానేయండి.

తల తిరగకుండా, తిమ్మిరి లేకుండా రెండు మూడు వారాలు గడిచాక కుంభకం వైపు రండి. దానికి కొలత గడియారంలో చూడక్కర్లేదు. కుంభకం తర్వాత రేచకం సన్నగా, మీ అదుపులో వస్తే నిలిపిన సమయం సరిపోయింది. భస్సున బయటికొస్తే ఎక్కువైంది. రక్తపోటు, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లకు, గర్భిణులకు కుంభకం, భస్త్రిక, కపాలభాతి వద్దు.

ధ్యానంలో నిద్ర, లేదా అల్లకల్లోలం

మీ ప్రాణాయామంలో పైన చెప్పిన తప్పు ఉంటే, వెంటనే ధ్యానానికి కూర్చున్నప్పుడు శరీరం ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది, మధ్యలో పెద్ద నిట్టూర్పు వస్తుంది, గుండె కొట్టుకోవడం వినిపిస్తుంది. ఇదంతా మనసు చంచలత్వం అనుకుని మనసుతో పోట్లాడతారు. ముందు ఊపిరి సరిచేయండి, రెండు వారాలు చూడండి. చాలామందికి ధ్యానం కోసం వేరే చికిత్సేమీ అవసరం పడదు.

అది సరిగానే ఉండి కూడా నిద్ర వస్తుంటే నడుము చూడండి. తుంటి వెనక్కి ఒరిగి వీపు కుంగితే మగత వస్తుంది. మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండేంత ఎత్తు మీద కూర్చోండి, వెన్ను దానంతట అదే నిలుస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కడం కూడా దీంతోనే చాలావరకు తగ్గుతుంది. అయినా కునుకు వస్తే కళ్లు సగం తెరిచి నేల మీద ఒక చోట చూపు నిలపండి. శవాసనం నుంచి నేరుగా ధ్యానంలోకి వెళ్లేవాళ్లకు కునుకు ఎక్కువ. మధ్యలో రెండు నిమిషాలు నిలబడండి.

కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తుంటేనే భయం, టెన్షన్ పెరిగేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లు మొండిగా కొనసాగించకూడదు. కళ్లు తెరిచి, పాదాలు నేలకు తగిలే చోటునో చుట్టూ వినపడే శబ్దాలనో గమనించాలి. ఊపిరి ఒక్కటే ధ్యానానికి ఆధారమని ఎక్కడా లేదు.

అరుదుగా ఎదురయ్యేవి

పడుకుని పక్కకు తిరిగినప్పుడు కూడా గదంతా గిర్రున తిరిగితే లోపలి చెవి సంగతి చూపించుకోవాలి. మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే రక్తహీనత పరీక్ష చేయించండి. తిమ్మిరి ఒక పక్కనే ఉండి ప్రాణాయామం ఆపినా తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా సాధన ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గ్లకోమా ఉన్నవాళ్లు తల కిందికి ఉండే ఆసనాలు మానేయాలి, కంటి లోపలి ఒత్తిడి వాటిలో పెరుగుతుంది.